తలసరి లెక్కలో మన తల ఎక్కడ?

ఈ శుక్రవారం పోస్టు కొంచెం పొడుగు. సగం బస్సులో, సగం రూముకొచ్చాక చదువుకోండి.

మేం అహ్మదిలో ఉంటాం. మా రూములో కడప వాళ్లున్నారు, కోనసీమ వాళ్లున్నారు, నిజామాబాద్ వాళ్లున్నారు. ఊరికి ఫోన్ చేస్తే అందరికీ వచ్చే మాట ఒక్కటే: "కువైట్ అంత డబ్బున్న దేశం కదా, మీకేం తక్కువ?" ఇక ఫోన్ తెరిస్తే లిస్టులే. తలసరి ఆదాయంలో ఏ దేశం ఎన్నోది, జీడీపీలో మన దేశం నాలుగోదా ఐదోదా అని రాత్రి పదకొండింటి దాకా వాదనలు. ఈ కొలతలు ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు మొదలుపెట్టారు, మనలాంటి వాళ్లం వాటిల్లో ఎక్కడ లెక్కకొస్తాం అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ కథ తెలుసుకోవడానికి అహ్మది కంటే మంచి చోటు లేదని మాకు అనిపిస్తుంది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి లెక్క కూలీల తిండితోనే

మన దేశంలో మనిషికి సగటున ఏడాదికి ఎంత రాబడి అని మొదట గట్టిగా లెక్క కట్టినాయన దాదాభాయ్ నౌరోజీ. తర్వాత 1892లో బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచింది కూడా ఆయనే. 1867-68 నాటి ధరలు పట్టుకుని, ఒక్కో రాష్ట్రంలో పండిన పంట ఎంత, ఉప్పెంత, బొగ్గెంత అని కూడి, జనాభాతో భాగించాడు. మన కడప, గోదావరి జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, అదీ ఆ లెక్కలో ఉంది. మొత్తం మీద తేలింది తలకు ఏడాదికి 20 రూపాయలు.

సరే, 20 రూపాయలు అంటే ఎక్కువా తక్కువా? ఏదో ఒకదాని పక్కన పెట్టి చూడాలి కదా. నౌరోజీ రెండు లెక్కలు తెచ్చి పక్కన పెట్టాడు. ఒకటి జైల్లో ఖైదీకి అయ్యే తిండి, బట్ట ఖర్చు. రెండోది, కలకత్తా రేవు నుంచి ఓడల్లో పరాయి దేశాలకు పోయే కూలీలకు దారిలో ఎంత తిండి పెట్టాలో సర్కారు డాక్టరు రాసిచ్చిన పట్టీ. పని చెయ్యకుండా ఓడలో ఊరికే కూర్చున్న మనిషి ప్రాణం నిలబడ్డానికి కావాల్సిన తిండి అది. వీటిని బట్టి చూస్తే ఒక మనిషి బతకడానికి ప్రాంతాన్ని బట్టి ఏడాదికి 16 నుంచి 35 రూపాయల దాకా కావాలని తేల్చాడు. అంటే దేశంలో చాలా చోట్ల సగటు మనిషికి ఖైదీ తినేంత తిండి కూడా లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండన్నా. ఆ కాలంలోనే మన కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు బర్మాకు, మారిషస్‌కు ఓడలెక్కుతున్నారు. మన దేశపు పేదరికాన్ని కొలిచిన తొలి కొలమానాల్లో ఒకటి సముద్రం దాటే కూలీకి పెట్టే తిండి. వలస కార్మికుడు ఈ లెక్కల్లోకి కొత్తగా రాలేదు, మొదటి రోజు నుంచీ ఉన్నాడు.

1934లో రెండు కాగితాలు

ఇప్పుడు మనం జీడీపీ అంటున్న లెక్కకు దారి పడింది అమెరికాలో. 1929లో అక్కడ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కోటి మందికి పైగా పని పోయింది. కానీ మొత్తం మీద దేశం ఎంత నష్టపోయిందో చెప్పే లెక్క ప్రభుత్వం దగ్గర లేదు. ఆ పని సైమన్ కుజ్నెట్స్ అనే ఆయనకు అప్పజెప్పారు. ఆయన కూడా వలస వచ్చినవాడే, అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టి 1922లో అమెరికా చేరాడు. 1934 జనవరిలో ఆయన రిపోర్టు పార్లమెంటు ముందుకు వచ్చింది. మూడేళ్లలో జాతీయ ఆదాయం దాదాపు సగానికి పడిపోయిందని అందులో తేలింది. దాంతో పాటే ఆయన ఒక హెచ్చరిక కూడా రాశాడు: ఈ అంకె చూసి ఒక దేశ ప్రజలు ఎంత సుఖంగా ఉన్నారో చెప్పడం కష్టం అని. అంకె ప్రపంచమంతా పాకింది. హెచ్చరిక అక్కడే మిగిలిపోయింది.

అదే 1934, డిసెంబరు 23న ఇక్కడ కువైట్‌లో ఇంకో కాగితం మీద సంతకం పడింది. అప్పటి అమీర్ షేక్ అహ్మద్ అల్ జాబర్, కువైట్ ఆయిల్ కంపెనీకి 75 ఏళ్లకు చమురు తీసుకునే హక్కు రాసిచ్చాడు. కంపెనీలో సగం బ్రిటిష్ వాళ్లది, సగం అమెరికా వాళ్లది. 1938లో బుర్గాన్‌లో నూనె పడింది. యుద్ధం వల్ల పని ఆగి, 1946 జూన్ 30న మొదటి ఓడ నూనెతో బయల్దేరింది. ఆ ఏడాదే ఎడారిలో ఒక గట్టు మీద కంపెనీ ఊరు కట్టడం మొదలైంది. అమీర్ పేరు మీద దానికి అహ్మది అని పేరు పెట్టారు. గట్టు మీదే ఎందుకంటే, ఇక్కడి ట్యాంకుల నుంచి రేవుకు నూనె వాలులో దానంతట అదే దిగిపోతుంది, పంపులతో పని లేదు.

ఆ ఊరిని మూడు భాగాలుగా కట్టారు. ఉత్తరాన తోటలున్న పెద్ద ఇళ్లు బ్రిటిష్, అమెరికా ఆఫీసర్లకు. మధ్యలో ఇండియా, పాకిస్తాన్ నుంచి వచ్చిన గుమాస్తాలు, టెక్నీషియన్లు. దక్షిణాన అరబ్బు కార్మికులు. జీతాలు ఇచ్చింది మన రూపాయల్లో. అవును, 1961 దాకా కువైట్‌లో చెలామణి అయింది రూపాయే. 1957లో ఇక్కడ మొదటి జనగణన జరిగితే మొత్తం 2,06,473 మంది తేలారు. అందులో 92,851 మంది బయటి దేశాల వాళ్లు. అంటే ఈ దేశానికి జనాభా లెక్క మొదలైన రోజే ప్రతి వందలో 45 మంది మనలాంటి వాళ్లు.

ప్రపంచ బ్యాంకుకు కువైట్ ఎక్కడ పెట్టాలో తెలియలేదు

1953లో ఐక్యరాజ్యసమితి అన్ని దేశాలూ ఒకే పద్ధతిలో ఆదాయం లెక్క రాయాలని నియమాల పుస్తకం వేసింది. పద్ధతి ఒకటైతే దేశాన్ని దేశంతో పోల్చవచ్చు. 1978లో ప్రపంచ బ్యాంకు మొదటి ప్రపంచ అభివృద్ధి నివేదిక తెచ్చింది. అందులో 1976 సంవత్సరానికి తలసరి ఆదాయాలు వరుసగా ఉన్నాయి. ఇండియా 150 డాలర్లు. అమెరికా 7,890 డాలర్లు. కువైట్ 15,480 డాలర్లు.

చూశారా, అమెరికాకు దాదాపు రెట్టింపు, మనకు నూరు రెట్లకు పైన. మరి తలసరి ఆదాయమే అభివృద్ధి అయితే కువైట్ పేరు అందరికంటే ముందున్న దేశంగా రాయాలి. బ్యాంకు వాళ్లు అలా రాయలేకపోయారు. పారిశ్రామిక దేశాల్లో కలపలేదు, పేద దేశాల్లో కలపలేదు. సౌదీ, లిబియా, కువైట్ మూడింటికీ కలిపి "మిగులు పెట్టుబడి ఉన్న చమురు ఎగుమతి దేశాలు" అని వేరే గది కట్టి కూర్చోబెట్టారు. తమ కొలబద్ద చెప్పిన మాటను తామే నమ్మలేదన్నమాట.

ఎందుకు నమ్మలేదు? మొదటి సంగతి, సగటు. మా రూములో ఆరుగురం ఉన్నాం అనుకోండి. ఒకరికి 600 దీనార్లు, మిగతా ఐదుగురికి తలా 100. సగటు 183 దీనార్లు వస్తుంది. ఆ 183 మాలో ఎవరి జీతమూ కాదు. 2024లో కువైట్ తలసరి జీడీపీ సుమారు 32 వేల డాలర్లు, నెలకు పడితే 800 దీనార్లకు పైమాట. ఇంటి పనివాళ్లకు చట్టం ప్రకారం కనీస జీతం, 2016లో పెట్టింది, 60 దీనార్లు. ఈ రెండూ ఒకే దేశపు అంకెలు.

రెండో సంగతి, నూనె. బావిలోంచి పీపా నూనె తీసి అమ్మితే జీడీపీలో అది ఆదాయంగా ఎక్కుతుంది. నిజానికి భూమిలో ఉన్న ఆస్తి ఒక పీపా తగ్గింది కదా, అది ఎక్కడా తీసివేత కింద రాయరు. ఊళ్లో ఒకడు ఏడాదికో ఎకరం అమ్ముకుంటూ దర్జాగా తింటుంటే వాణ్ణి సంపాదనపరుడు అంటామా? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దోళ్లు ఊరికే అనలేదు. ఆ ఆస్తి తరుగుదల కూడా తీసేసి చూసే లెక్కను ప్రపంచ బ్యాంకు చాలా ఆలస్యంగా, 1990ల చివర్లో మొదలుపెట్టింది. కువైట్ వాళ్లు మాత్రం ముందే మేలుకున్నారు. 1953లోనే లండన్‌లో పెట్టుబడుల బోర్డు పెట్టారు. 1976లో చట్టం చేసి, రాబడిలో పదో వంతు రాబోయే తరాల నిధిలో వెయ్యడం మొదలుపెట్టారు.

దాని విలువ 1990లో తెలిసింది. ఆగస్టు 2న ఇరాక్ దాడి చేసింది. నూనె అమ్మకం ఆగింది, దేశం లోపల ఉత్పత్తి కూలిపోయింది. జీడీపీ అంటే దేశం గీతల లోపల తయారైన విలువ కాబట్టి అది నేల మీద పడింది. కానీ బయటి దేశాల్లో పెట్టిన పెట్టుబడుల మీద రాబడి వస్తూనే ఉంది, పరాయి దేశంలో తలదాచుకున్న కువైట్ ప్రభుత్వం దాని మీదే నడిచింది. బయటి నుంచి వచ్చే ఈ రాబడిని కూడా కలిపి, బయటికి పోయే దాన్ని తీసేసి చెప్పే లెక్కను జీఎన్ఐ అంటారు. జీడీపీకి, జీఎన్ఐకి తేడా ఏందంటే ఇదే. ఆ యుద్ధంలో ఇక్కడి నుంచి లక్షా డెబ్బై వేల మంది మనవాళ్లను విమానాల్లో ఇండియాకు చేర్చారు. చాలామంది చేతిలో సంచి తప్ప ఏమీ లేకుండా దిగారు. దేశానికి నిధి ఉంది, వాళ్లకు లేదు.

ఇంకోటి. పోతూ పోతూ ఇరాక్ సైన్యం ఆరు వందలకు పైగా బావులకు నిప్పు పెట్టింది. అహ్మది పక్కన బుర్గాన్ నెలల తరబడి మండింది, పగలే చీకటి. చివరి బావిని 1991 నవంబరులో ఆర్పారు. జీడీపీ పద్ధతిలో మంటలు ఆర్పిన కంపెనీల పని ఉత్పత్తి కింద రాసుకోవచ్చు. కాలిపోయిన నూనెకు, పొగ పీల్చిన ఊపిరితిత్తులకు ఆ పుస్తకంలో గడి లేదు.

రెండు రేట్ల మధ్య సందులో మన బతుకు

దేశాన్ని దేశంతో పోల్చాలంటే అందరి డబ్బూ డాలర్లలోకి మార్చాలి. ఇక్కడే ఇంకో తిరకాసు. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరుకు 4 రూపాయల 76 పైసలున్నది 7 రూపాయల 50 పైసలైంది. డాలర్లలో చూస్తే మన తలసరి ఆదాయం ఒక్క రాత్రిలో మూడో వంతుకు పైగా పడిపోయింది. తెల్లారి చూస్తే పొలంలో వరి అంతే ఉంది, పాడి గేదె అన్నే పాలిచ్చింది. 1961లో దీనారు పుట్టినప్పుడు దాని విలువ 13 రూపాయల 33 పైసలు. ఇవాళ 270 రూపాయలకు పైమాటే.

ఈ లోపం సరిచేయడానికి 1968లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఇర్వింగ్ క్రేవిస్ అనే ప్రొఫెసరు, ఇంకొందరు కలిసి ఒక పని మొదలుపెట్టారు. ఒక్కో దేశంలో బియ్యం ఎంత, అద్దె ఎంత, క్షవరం ఎంత అని ధరలు సేకరించి, ఆ డబ్బుతో ఆ ఊళ్లో నిజంగా ఎంత కొనగలరో చూడటం. మొదట తీసుకున్న పది దేశాల్లో ఇండియా ఉంది. దీన్నే ఇప్పుడు పీపీపీ అంటున్నారు, కొనుగోలు శక్తి లెక్క. ఫహాహీల్‌లో క్షవరం చేసేవాడు, రాజంపేటలో క్షవరం చేసేవాడు ఇద్దరూ అదే కత్తెర పట్టుకుంటారు, చాలాసార్లు ఇద్దరూ ఒకే ఊరి వాళ్లు కూడా. రేటు మాత్రం ఎన్నో రెట్లు తేడా. అందుకే పీపీపీలో ఇండియా పెద్దగా కనబడుతుంది, మామూలు డాలర్లలో చిన్నగా కనబడుతుంది. రూములో రెండు లిస్టులు పట్టుకుని కొట్టుకునే వాళ్లిద్దరూ రైటే, కొలత వేరు.

మన సంగతికొస్తే, మనం దీనారు సంపాదించేది కువైట్ రేటుకు, ఖర్చు పెట్టేది కడప రేటుకు, కోనసీమ రేటుకు. ఈ రెండు రేట్ల మధ్య సందు ఉంది చూడండి, మన బతుకంతా అందులోనే. అందుకే ఇక్కడ ఎనిమిది మంది ఒక రూములో సర్దుకుంటాం, అక్కడ మేడ లేపుతాం. కుటుంబాన్ని ఇక్కడికి తెస్తే ఆ సందు మూసుకుపోతుంది.

మనల్ని ఎవరి ఖాతాలో రాశారు?

1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, మన అమర్త్యసేన్ లాంటి వాళ్ల సాయంతో, డబ్బొక్కటే కాదు, ఆయుష్షు, చదువు కూడా కలిపి కొలవాలని హెచ్‌డీఐ తెచ్చారు. ఆదాయం తక్కువున్నా జనం ఎక్కువ కాలం బతకొచ్చని, చదువుకోవచ్చని కేరళను చూపించి 1975లోనే తిరువనంతపురం పండితులు ఐక్యరాజ్యసమితికి రాసిచ్చారు. హెచ్‌డీఐలో కువైట్ చాలా పై గుంపులోనే ఉంది, కానీ ఆదాయం వరుసలో ఉన్న చోటు కంటే బాగా కిందికి దిగుతుంది. ఇందులో కూడా మన లెక్క వింతగా ఉంటుంది. మెడికల్‌లో ఫిట్ అయితేనే మనకు వీసా. ఒంట్లో బాగున్నన్నాళ్లు ఇక్కడ, బాగోలేకపోతే ఇంటికి. మన పిల్లల చదువు అక్కడి ఖాతా. మన గట్టి ఒళ్లు ఇక్కడి ఖాతా.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన తల ఏ దేశం లెక్కలో ఉంది? అంతర్జాతీయ నియమం ప్రకారం ఒక చోట ఏడాదికి మించి ఉంటే ఆర్థిక లెక్కల్లో ఆ చోటి నివాసి కిందే లెక్క. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు. అంటే మన పని కువైట్ జీడీపీలో ఉంది, మన బతాకా నంబరు కువైట్ జనాభాలో ఉంది. తలసరి అన్నప్పుడు భాగహారంలో పైనా మనమే, కిందా మనమే.

మరి మనం పంపే డబ్బు? చాలామంది అది ఇండియా జీడీపీలో కలుస్తుందనుకుంటారు. కలవదు. జీఎన్ఐలో కూడా కలవదు. ఏడాది లోపు పని చేసి వెళ్లేవాళ్ల జీతమైతే జీఎన్ఐలో కలుస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న మనం పంపేది, ఒకరు ఇంకొకరికి ఊరికే ఇచ్చిన డబ్బు కింద రాస్తారు. రిజర్వు బ్యాంకు పద్దులో దాని పేరే "కుటుంబ పోషణకు పంపినవి". 2023-24లో ప్రపంచం నలుమూలల నుంచి మనవాళ్లు పంపింది దాదాపు 11,870 కోట్ల డాలర్లు. ఇంత డబ్బూ ఆదాయం లెక్కలో నేరుగా లేదు. మన జిల్లా తలసరి ఆదాయం చూసినా అంతే, ఆ జిల్లాలో తయారైనదే లెక్క. రాయచోటిలో, రైల్వే కోడూరులో ఎన్ని ఇళ్లు కువైట్ మనియార్డర్ల మీద నడుస్తున్నాయో ఆ అంకెలో కనబడదు.

ఆ డబ్బు ఖర్చయినప్పుడు మాత్రం దొడ్డిదారిన వస్తుంది. ఇల్లు కడితే మేస్త్రీ కూలి, సిమెంటు జీడీపీలో ఎక్కుతాయి. పిల్లోడి స్కూలు ఫీజు ఎక్కుతుంది. స్థలం కొంటే ఎక్కదు, అది చేతులు మారడమే, మధ్యవర్తి కమీషను మాత్రం ఎక్కుతుంది. బంగారం కొంటే అది దిగుమతి సరుకు, నగ చేసినందుకు మజూరీ ఎక్కుతుంది, అంతే.

అక్కచెల్లెళ్ల లెక్క ఇంకా విచిత్రం. కోనసీమ నుంచి వచ్చిన ఒక అక్క ఇక్కడ ఒక ఇంట్లో వంట చేసి, వాళ్ల పిల్లల్ని సాకితే ఆ జీతం కువైట్ జీడీపీలో ఉంటుంది. అదే వంట తన ఇంట్లో చేసినప్పుడు ఏ జీడీపీలోనూ లేదు. ఆమె ఇక్కడ ఉన్నన్నాళ్లు ఆమె బిడ్డను అక్కడ సాకుతున్న అమ్మమ్మ పని కూడా లేదు. న్యూజిలాండ్‌కు చెందిన మారిలిన్ వేరింగ్ 1988లో దీని మీద ఒక పుస్తకమే రాసింది. నియమాలు మాత్రం ఈ విషయంలో మారలేదు.

ఇక మన సొంత పుస్తకం

ఇన్ని చెప్పి కొలతలన్నీ అబద్ధం అనడం లేదు. కరువు వచ్చిందా, ఉద్యోగాలు తగ్గాయా తెలియాలంటే లెక్క కావాలి. నౌరోజీ దగ్గర ఆ 20 రూపాయల అంకె లేకపోతే దొరల ముందు నిలబడి మాట్లాడ్డానికి ఏముంది? కానీ ఎవరైనా అంకె చూపిస్తే మూడు అడగాలి. పైన ఏం కలిపారు? కింద ఎవరి తలలు కలిపారు? ఏ ఊరి ధరలతో లెక్క కట్టారు? ఎన్నికలప్పుడు మన జిల్లా ముందుకు పోయిందనో, వెనకబడిందనో నాయకులు చెప్తే, వలస ఇళ్ల లెక్క అందులో ఉందా అని కూడా అడగాలి. కేరళలో 1998 నుంచి వలస మీద ఇంటింటి సర్వేలు చేస్తున్నారు. అందుకే అక్కడ ఎంతమంది బయటున్నారు, ఎంతమంది తిరిగొచ్చారు అన్నది మాట్లాడుకోవడానికి అంకెలున్నాయి.

మా రూములో అనుకున్న మాట ఇంకొకటి చెప్పి ఆపేస్తాం. బావి నూనెను ఆదాయం అని రాసుకుంటే మోసపోతామని కువైట్ వాళ్లు 1976లో గుర్తించారు. మన జీతం కూడా అలాంటిదే కదా. అందులో కొంత కష్టానికి కూలి, కొంత మాత్రం ఒంట్లో సత్తువ అమ్ముకున్న ధర. ఇరవై ఐదేళ్ల వయసులో ఎండలో పైపులు మోసిన వెన్ను యాభైకి మోయదు. అకామా ఏటేటా రెన్యువల్ అవుతుంది, నడుము అవదు. అందుకే ఇంటికి ఎంత పంపామన్న లెక్క పక్కన ఇంకో మూడు లెక్కలు రాయడం మొదలుపెట్టాం. వడ్డీ అప్పు ఇంకా ఎంత మిగిలింది. రేపు పని పోతే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది. పదో వంతు పక్కన పడిందా లేదా. మాలో ఇద్దరికి మూడో గడిలో ఇంకా సున్నానే ఉంది. అయినా రాస్తున్నారు.

మీ రూముల్లో కూడా ఒకసారి రాసి చూడండి. వచ్చే శుక్రవారం కలుద్దాం.